రేడియో చదవని పేరు: శ్రీమతి ఎవాడ్నీ కాలిస్ట్ గారి పదవీ విరమణ వేళ

1984 ఫిబ్రవరి ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మోర్న్ డోరే పరస్పర సహాయ సంఘంలో గుమాస్తాగా చేరి శ్రీమతి ఎవాడ్నీ కాలిస్ట్ గారు తమ ఉద్యోగ జీవితానికి శ్రీకారం చుట్టారు. మరునాడు గ్రెనడా స్వాతంత్ర్య దినోత్సవం కావడంతో, కొలువులో చేరిన రెండో రోజే జీతంతో కూడిన సెలవు పుచ్చుకున్న ఘనత మా సంఘ చరిత్రలో వారికి మాత్రమే దక్కింది. ఆ ఒక్క సెలవుకూ పరిహారం చెల్లించాలనుకున్నారో ఏమో, ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు సెలవు అన్న మాటను వారు ఎంత పొదుపుగా వాడారో వారి భర్తగారికీ పిల్లలకూ తెలుసు. ఇంటివారి ఓర్పుకు ఈ సంచిక ముఖంగా సంఘం సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది.

తొలి సంవత్సరాలలో చందాలు వసూలు చేయడం, రసీదులు రాయడం, సంఘాధ్యక్షులు పారేసుకున్న కళ్లజోడు వెతికిపెట్టడం వారి విధులు. 1991లో చిన్న ఆస్తుల పరిష్కార విభాగం బాధ్యతను స్వీకరించారు. మా సభ్యులలో అధికులు జాలరులు, జాజికాయ తోటల కూలీలు, పడవలు చేసే వడ్రంగులు. వారు కన్నుమూస్తే మిగిలేది కౌలు నేల మీద నిలిపిన ఒక చెక్క ఇల్లో, ఒక పడవో, రెండు ఆవులో. ఆ కాస్త దానికీ వారసత్వ ధ్రువీకరణ (ప్రొబేట్) కోసం రాజధానికి పోయి కోర్టు చుట్టూ తిరిగితే, తీర్పు వచ్చేలోగా పడవ ఒడ్డునే చీకిపోతుంది, ఆవులు వకీలుగారి ఖాతాలోకి నడిచిపోతాయి. అందుకే మా సంఘ నియమావళి ఒక సులభ మార్గాన్ని కల్పించింది. వారసులందరూ కలిసి ఒక ప్రమాణ పత్రం మీద సంతకం చేసి, ఆ ‘అందరూ’ నిజంగా అందరేనని సంఘాధికారి ధ్రువీకరిస్తే చాలు, ఎవరూ కోర్టు గుమ్మం తొక్కనక్కరలేదు.

అయితే ఆ ‘అందరూ’ ఎవరన్నది తేల్చడమే అసలు చిక్కు. పెళ్లికి ముందు ఒక బిడ్డ, పెళ్లి తర్వాత నలుగురు, పక్క ఊళ్లో మరొకరు ఉన్న మనిషి గురించి ఇంట్లో అడిగితే ఒక లెక్క, వీధిలో అడిగితే ఒక లెక్క చెబుతారు. వారసులు ఎవరైనా ఉంటే ముందుకు రావలసిందని గోడకు అంటించే నోటీసును మేకలు తప్ప మరెవరూ పట్టించుకునేవారు కారు. ఈ చిక్కుముడిని శ్రీమతి కాలిస్ట్ గారు విప్పిన తీరు వారి లోకజ్ఞానానికి తార్కాణం. వారు ఒక చిన్న రేడియో కొని తమ బల్ల మీద పెట్టుకున్నారు.

మన దీవిలో మనిషి పోతే రేడియోలో చదువుతారు. ఫలానావారి తండ్రి, ఫలానావారి తాత, ఫలానావారి మేనమామ, ఫలానా బస్సు డ్రైవరుకు ఆప్తమిత్రుడు అంటూ మూడు పూటలా చదివే ఆ వరుసను పొయ్యి మీద కూర మాడుతున్నా వదలకుండా వింటారు. తన పేరు చదవకపోతే సహించే జీవి ఈ గడ్డ మీద పుట్టలేదని శ్రీమతి కాలిస్ట్ గారి దృఢవిశ్వాసం. కనుక రేడియో చదివిన వరుసే వారసుల వరుస, సమాధి పూర్తయ్యేలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇంక వారసులు లేనట్టే అని వారు ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ఆ ప్రకటనలు వస్తున్నంతసేపూ కార్యాలయంలో అధ్యక్షులైనా సరే తుమ్మడానికి వీలుండేది కాదు.

ఆ పద్ధతి ఎంత పదునైనదో చెప్పడానికి ఒక ముచ్చట చాలు. ఒకనాడు మిస్ ఈనా అనే పెద్దావిడ (మన దీవిలో పెళ్లయినా కాకపోయినా పెద్దావిడలంతా మర్యాదకు ‘మిస్’లే) గొడుగు ఝళిపిస్తూ మా కార్యాలయంలోకి దూసుకొచ్చారు.

“పదిహేనేళ్లు ఆ మనిషి చొక్కాలు ఉతికాను, చేపలు తోమాను, గురక భరించాను. ఇవాళ రేడియోలో నన్నేమన్నారో విన్నావా ఎవాడ్నీ? స్నేహితురాలట! స్నేహితురాలు ఉతుకుతుందా డ్రాయర్లు?”

“కూర్చో మిస్ ఈనా. ముందు మంచినీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. సాయంత్రం చదివేటప్పుడు కాబోయే భార్య అని చదవాలి. లేకపోతే శవపెట్టె కదలనివ్వను, అడ్డంగా పడుకుంటాను.”

సాయంత్రం ‘కాబోయే భార్య’ అనే చదివారు. పెట్టె కదిలింది. పడవ మిస్ ఈనాకు, ఇంజను కొడుకులకు అని అందరూ నవ్వుతూనే సంతకాలు పెట్టారు. ఇటువంటి పరిష్కారాలతో శ్రీమతి కాలిస్ట్ గారి పేరు తీరం పొడవునా మారుమోగింది. 1998లో సీనియర్ అధికారిగానూ, 2003లో విభాగాధిపతిగానూ వారు పదోన్నతి పొందారు. ఇతర పారిష్‌ల (జిల్లాల) సంఘాల వారు వచ్చి వారి పద్ధతిని నేర్చుకుని వెళ్లేవారు.

ఇంతవరకు రాసి, ఇంక శుభాకాంక్షలతో ముగిద్దామని సంచిక సంపాదకులు శ్రీ రూథ్వెన్ నోయెల్ గారు గత నెలలో శ్రీమతి కాలిస్ట్ గారి బల్ల దగ్గరకు వెళ్లారు. చివరిగా ఒక మధురస్మృతి చెప్పమని కోరారు. వారు చెప్పినది విని శ్రీ నోయెల్ గారు కలం మూసేశారు.

“ఇది సన్మాన సంచికలో వేసేదేనా మిస్ ఎవాడ్నీ?”

“మరెక్కడ వేస్తావు రూథ్వెన్?”

“జనం భోజనాలు చేస్తూ చదువుకుంటారండీ. మీ మనవలు కూడా ఉంటారు.”

“ఉండనీ. ఇది వెయ్యకపోతే నా ఫోటో కూడా వెయ్యొద్దు. దండా వద్దు, గడియారమూ వద్దు.”

వారి మాటను జవదాటే ధైర్యం ఈ కార్యాలయంలో ఎవరికీ ఎన్నడూ లేదు. కావున ఆ సంగతిని వారు చెప్పినంతలో చెప్పినట్టుగా ఇక్కడ పొందుపరుస్తున్నాం, సభలోనూ చదివి వినిపిస్తున్నాం.

2006వ సంవత్సరంలో పడవల వడ్రంగి గస్ పాస్కాల్ మరణించారు. రేడియో ఆయన ముగ్గురు బిడ్డల పేర్లు చదివింది. ఇద్దరు కూతుళ్లు, ట్రినిడాడ్‌లో పనిచేస్తున్న కొడుకు కాస్మస్. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ గొడుగు ఝళిపించలేదు. గస్ పాస్కాల్ ఇంటి వెనుక గదిలో వెర్లిన్ అనే యువతి పసిబిడ్డతో ఉంటున్నదని శ్రీమతి కాలిస్ట్ గారికి తెలుసు. అంతకు రెండేళ్ల ముందు తుపాను ఆమె ఇంటి కప్పు ఎగరగొట్టింది గనుక, ఎక్కడా చోటు దొరకక అద్దెకు చేరి ఉంటుందని వారు భావించారు.

సంఘం తరఫున పుష్పగుచ్ఛంతో శ్రీమతి కాలిస్ట్ గారు అంత్యక్రియలకు హాజరయ్యారు. చర్చి ఆవరణలో పెట్టెను దించేముందు, గస్ అక్కగారు, ఊరంతా టాంటీ (అంటే అత్త) అని పిలిచే ఫిలోమిన్ అనే వృద్ధురాలు ఎవరినీ అడగకుండా ముందుకు వచ్చి, వెర్లిన్ చంకలోని బిడ్డను తీసుకున్నారు. పెట్టెకు ఇవతల తాను నిలబడి, అవతలకు వెళ్లి నిలబడమని వెర్లిన్‌కు సైగ చేశారు. బిడ్డను పెట్టె మీదుగా ఆమె చేతులకు అందించారు.

“ఇంక పో గస్,” అన్నారు టాంటీ ఫిలోమిన్. “పిల్ల మీద బెంగతో వెనక్కి రాకు. నిద్రలో పిలవకు. దీన్ని మేం చూసుకుంటాం.”

పోయినవారి సొంత రక్తమైన పసివాళ్లను తప్ప అలా ఎవరినీ దాటించరు. అక్కడ ఉన్నవారందరూ తల వంచారు, ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. కాస్మస్ మాత్రం టోపీ చేతిలో తిప్పుతూ సముద్రం వైపు చూశాడు. శ్రీమతి కాలిస్ట్ గారు కూడా తల వంచారు. వెర్లిన్ అద్దెకున్న మనిషి కాదని, గస్ కూతురేనని వారికి ఆ క్షణానే పూర్తిగా అర్థమైంది.

సోమవారం కాస్మస్ ప్రమాణ పత్రంతో వచ్చాడు. ముగ్గురి సంతకాలూ ఉన్నాయి, సాక్షులూ ఉన్నారు. వారం తిరగకముందే అతడు ట్రినిడాడ్ పనికి వెళ్లిపోవాలి. ఇల్లు కొనడానికి ఉత్తరం వైపు ఊరి నుంచి ఎవరో అప్పటికే మాట ఇచ్చి వెళ్లారు.

“ఇంకెవరూ లేరా కాస్మస్?” అని శ్రీమతి కాలిస్ట్ గారు అడిగారు.

“రేడియో విన్లేదా మిస్ ఎవాడ్నీ? మూడు పూటలా చదివారు. ఒక్కరైనా నోరు మెదిపారా?”

“వెనక గదిలో ఆ పిల్ల...”

“ఏ పిల్ల?” అన్నాడు కాస్మస్. తర్వాత గొంతు తగ్గించి, “మా అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆమె కడుపున పుట్టిన మా పేర్ల పక్కన ఇంకో పేరు చదివిస్తే ఆమెకు మొహం ఎలా చూపించాలి? అయినా ఇది మీ పద్ధతే గదా మిస్. నేనేమన్నా కొత్తగా పెట్టానా?” అన్నాడు.

టాంటీ ఫిలోమిన్ ఇల్లు మా కార్యాలయం వెనుక గట్టు మీదనే ఉంది. కలం కింద పెట్టి, గొడుగు తీసుకుని, ఆ గట్టు ఎక్కి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. శ్రీమతి కాలిస్ట్ గారు లేవలేదు. పదిహేనేళ్లుగా ఒక్క వివాదం కూడా రాని తమ పద్ధతి తప్పింది అని తామే ఒప్పుకోవడం వారికి ఆ ఉదయం మింగుడు పడలేదు. అందరి చెవులూ విన్న దానికి విరుద్ధంగా తమ కళ్లు చూసినదాన్ని పక్కకు నెట్టి, ధ్రువీకరణ సంతకం చేశారు. ఈ వాక్యాన్ని ఇంతకన్నా మెత్తగా రాయవద్దని వారే ఆదేశించారు.

వారం గడవకముందే ఇల్లు విప్పుతున్నారన్న కబురు విని వారు పరుగున వెళ్లారు. చెక్క ఇల్లు విప్పి మరోచోటికి తరలించడం మన ఊళ్లో పెద్ద పనేం కాదు. వారు చేరేసరికి గోడలు లారీ ఎక్కాయి. ఒక కిటికీ రెక్కకు పరదా ఇంకా వేలాడుతూనే ఉంది. పెరట్లో ఒక కుర్చీ, రెండు గిన్నెలు, ఒక బట్టల మూట పెట్టుకుని, నిద్రపోతున్న బిడ్డను ఒళ్లో వేసుకుని వెర్లిన్ కూర్చుని ఉంది.

“నాకెందుకు చెప్పలేదమ్మా వెర్లిన్?”

“ఏం చెప్పాలి మిస్ ఎవాడ్నీ?”

“నువ్వు గస్ కూతురివని. రేడియోకి ఒక్క ఫోన్ చేసుంటే...”

“ఫోన్ చేసి, అయ్యా నేనూ ఆయన బిడ్డనే, నా పేరూ చదవండి అని అడుక్కోమంటారా? చచ్చినాయన నాన్నతనం నేను దేబిరించి తెచ్చుకోవాలా?” వెర్లిన్ గొంతు పెంచలేదు, బిడ్డ లేస్తుందని. “మా అత్త ఊరందరి ముందూ నా పిల్లని పెట్టె మీంచి దాటించింది. పరాయి పిల్లని ఎవరన్నా దాటిస్తారా? మీరు అక్కడే ఉన్నారు. తల కూడా వంచారు. మిస్ ఎవాడ్నీ చూసిందిలే, ఇంక నేను చెప్పేదేముందిలే అనుకున్నా.”

“చూశాను.”

“మరి?”

లారీ కదిలింది. బిడ్డ లేచి ఏడుపు మొదలుపెట్టింది. శ్రీమతి కాలిస్ట్ గారు తమ ఇంటికి రమ్మని ఎంతో బతిమాలారు. వెర్లిన్ కుర్చీ ఒక చేత్తో, బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, మూటను నెత్తి మీద పెట్టుకుని గట్టు ఎక్కి టాంటీ ఫిలోమిన్ ఇంటి వైపు నడిచింది. మిగిలిన గిన్నెలు తీసుకుని శ్రీమతి కాలిస్ట్ గారు వెనకే వెళ్లి, గుమ్మం దగ్గర పెట్టి వచ్చారు.

దిద్దుబాటుకు వారు చేయని ప్రయత్నం లేదు. కొన్నవారు తమ తప్పేమీ లేదన్నారు, అది నిజమే. కాస్మస్ ఫోన్ తీయడం మానేశాడు. కోర్టుకు వెళితే తాము సాక్ష్యం చెబుతామని శ్రీమతి కాలిస్ట్ గారు వెర్లిన్‌కు మాట ఇచ్చారు గానీ, తోబుట్టువులను కోర్టుకు ఈడ్చనని ఆమె తెగేసి చెప్పింది. విషయాన్ని మా కార్యవర్గం ముందుంచితే, పత్రాలన్నీ సక్రమంగా ఉన్నందున చర్య అవసరం లేదని కార్యవర్గం తీర్మానించింది. పైగా ఆ ఏటి నివేదికలో, ఏ వివాదం లేకుండా ఆస్తులు పరిష్కరించినందుకు వారికి ప్రత్యేక ప్రశంస ప్రకటించింది. ఆ తీర్మానానికి చేయెత్తిన వారిలో కొందరు నేడు ఈ సభలో ముందు వరుసలో ఉన్నారు. ప్రశంసాపత్రం తీసుకోవడానికి శ్రీమతి కాలిస్ట్ గారు వేదిక ఎక్కలేదు, మేమది వారి వినయం అనుకుని చప్పట్లు కొట్టాం.

ఆ సంవత్సరం నుంచి వారి పనితీరు సమూలంగా మారింది. రేడియో బల్ల మీదనే ఉండేది గానీ, దాన్ని నమ్మి ఒక్క సంతకం కూడా వారు చేయలేదు. ప్రతి సభ్యుని అంత్యక్రియలకూ వెళ్లి, ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద స్త్రీ పక్కన కూర్చుని, చదవని పేరు ఏదైనా ఉందా అని అడిగేవారు. ఈ ప్రశ్న వల్ల వారికి మర్యాదలేమీ జరగలేదు. దుఃఖంలో ఉన్న ఇళ్లలో ముఖం మీద తలుపులు వేశారు, కాఫీ ఇవ్వడం మానేశారు. “అదుగో వచ్చింది, పెట్టె చుట్టూ తిరిగే పోలీసు” అని వినపడేటట్టే అన్నారు. పనులు ఆలస్యమవుతున్నాయని మేమూ సణిగాం. వారు దేనికీ బదులు చెప్పకుండా, అడగవలసిన చోట అడుగుతూనే పోయారు. ఆ ప్రశ్న పుణ్యమా అని తండ్రి ఇంట్లో తమ గది తమకు దక్కినవారు నేడు ఈ తీరంలో చాలామంది ఉన్నారు. వారిలో ఒకరు మన సంఘంలోనే ఉద్యోగి.

ఆ జాబితాలో తన పేరు లేని వెర్లిన్‌ను మాత్రం శ్రీమతి కాలిస్ట్ గారు మరవలేదు. జాజికాయల కేంద్రంలో పగలంతా కాయలు ఏరుతూ, సాయంత్రాలు బట్టలు కుడుతూ, చాలా ఏళ్లకు ఆమె ఏటి ఒడ్డున సిమెంటు ఇటుకలతో రెండు గదులు కట్టుకుంది. బిడ్డ షెనెల్ పెద్దదై నర్సు చదువు చదువుతున్నది. శ్రీమతి కాలిస్ట్ గారు వీలైనప్పుడల్లా ఆ ఇంటి దాకా వెళతారు. వెర్లిన్ పెరట్లోకి వచ్చి మర్యాదగా మాట్లాడుతుంది, వాతావరణం గురించి, అమ్మాయి చదువు గురించి. కూర్చోమని బెంచీ చూపిస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇంట్లోకి పిలవలేదు.

ఈ సభకు ఆహ్వానించడానికి పోయిన వారం కూడా వారు వెళ్లారు. వెర్లిన్ పచ్చి అరటికాయల తొక్క తీస్తున్నది.

“నువ్వు రావాలి వెర్లిన్.”

“ఎందుకు మిస్ ఎవాడ్నీ, చప్పట్లు కొట్టడానికా?”

“కాదు. నా గురించి అక్కడ ఒకటి చదువుతారు. అందులో నీ పేరుంది. గస్ పాస్కాల్ కూతురు అని చదువుతారు. అందరూ వింటారు.”

వెర్లిన్ కత్తి ఆపింది. 

“ఆయన చదివించాల్సిన పేరు అది,” అన్నది. “మీరు చదివిస్తే మంచిదే. వద్దననులే. కానీ నేనొచ్చి వినలేను. మీ మీద పగేం లేదు మిస్ ఎవాడ్నీ. వానొచ్చేలా ఉంది, బయల్దేరండి, బస్సు తప్పిపోద్ది.”

బస్సు వచ్చేలోగానే వాన వచ్చింది. శ్రీమతి కాలిస్ట్ గారు తడిసి కార్యాలయానికి తిరిగి వచ్చి, రెండు రోజులు జలుబుతో బాధపడ్డారు. జలుబులోనూ సెలవు పెట్టలేదన్నది ఇక్కడ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

కావున, సభికులారా, శ్రీమతి ఎవాడ్నీ కాలిస్ట్ గారు కోరిన విధంగా ముందుగా ఈ మాట బిగ్గరగా చదువుతున్నాం: మోర్న్ డోరే వాస్తవ్యులు, పడవల వడ్రంగి కీర్తిశేషులు గస్ పాస్కాల్ గారికి నలుగురు బిడ్డలు. నాలుగవవారు వెర్లిన్. ఆలస్యంగా చదివినందుకు సంఘం చింతిస్తున్నది.

ఇటువంటి వేళ ప్రశాంతమైన విశ్రాంత జీవితాన్ని కాంక్షించడం ఆనవాయితీ. ‘ప్రశాంతమైన’ అన్న మాటను ముసాయిదా చూసి వారే కొట్టివేశారు, అది తమకు ఇవ్వవలసినది మేము కాదని చెప్పి. అందువల్ల ఆరోగ్యాన్ని మాత్రమే కోరుతున్నాం. ఏటి ఒడ్డు దాకా నడిచి వెళ్లేందుకు వారి మోకాళ్లకు సత్తువ, ఆ పెరటి బెంచీ మీద ఎంతసేపైనా కూర్చునే ఓపిక వారికి ఉండుగాక. ఏదో ఒక వాన రోజున, తడుస్తారు లోపలికి రండి మిస్ ఎవాడ్నీ అని వెర్లిన్ తనంతట తానుగా పిలిచే వరకు, ఆ పిలుపు విని గుమ్మం దాటే వరకు, ఆ తర్వాత కూడా చాలాకాలం పాటు వారు నిండు ఆయుష్షుతో వర్ధిల్లుదురుగాక.